బంగారం ఎవరి మాట వింటుంది? సైనైడ్ లేని దారుల గురించి సూరత్ నుంచి ఒక నోట్

ఈసారి నాకు మార్కులు పోయిన ఒక ప్రశ్నతో మొదలుపెడతాను.

పోయిన ఏడాది ఒక టెస్ట్ సిరీస్‌లో జీఎస్-3 పేపర్‌లో ఇలా అడిగారు: "బంగారం వెలికితీతలో సైనైడ్ వాడకం వల్ల వచ్చే సమస్యలను, దానికి ప్రత్యామ్నాయాలను పరిశీలించండి." 15 మార్కులు. నేను రెండు పేజీలు నింపాను. సైనైడ్ ప్రమాదకరం, నదులు పాడవుతాయి, చేపలు చస్తాయి, కాబట్టి నిషేధించాలి, పర్యావరణహిత పద్ధతులు తేవాలి. చివర్లో సుస్థిర అభివృద్ధి గురించి ఒక వాక్యం. నాకు వచ్చింది 4. పక్కన ఎర్ర ఇంకుతో ఒకే మాట: "ఎలా?"

ఆ పేపర్ ఇంట్లో బల్ల మీద పెట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి మా బాపు దాన్ని చదువుతున్నాడు. మాది సిరిసిల్ల. బాపు చిన్నప్పుడే సాంచెల పనికి సూరత్ వచ్చాడు. లింబాయత్‌లో మా ఇల్లు. ఇక్కడి మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతుంది కాబట్టి నేను ఎనిమిదో తరగతి దాకా తెలుగులోనే చదివాను. బాపు కొన్నేళ్లు మగ్గాల మీద చేసి, తర్వాత ఒక జరీ యూనిట్‌లో గిల్టు పనికి మారాడు. అంటే వెండి పూసిన పోగుకు బంగారు పూత ఎక్కించే పని. ఆ పూత తొట్టిలో ఉండేది బంగారం కలిసిన సైనైడ్ ద్రావణం.

బాపు కళ్లద్దాలు తీసి అన్నాడు: "నిషేధించాలె అని రాసినవ్. మంచిగనే ఉంది. మరి దేంతోని చెయ్యాలె? అది రాయలేదు గద."

ఎర్ర ఇంకు అడిగిందీ, బాపు అడిగిందీ ఒకటే ప్రశ్న. ఈ వ్యాసం దానికి నేను వెతుక్కున్న జవాబు. కెమిస్ట్రీ ఆప్షనల్ కానివాళ్లు కూడా భయపడకండి. ఇంటర్‌లో చదివిన ఒక్క పట్టిక గుర్తుంటే చాలు.

బాపమ్మ చీర

"పాత పట్టుచీరలు కొంటాం, జరీ చీరలు కొంటాం" అనే కేక మీ వీధిలోనూ వినే ఉంటారు. ఆ చీరలు ఎక్కడికి పోతాయో ఎప్పుడైనా ఆలోచించారా? వాటిలో కొన్ని చివరికి మా ఊరి లాంటి చోటికే వస్తాయి. సూరత్ జరీకి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ ఉంది. జరీ పుట్టిన చోటే పాత జరీని కరిగించేవాళ్లూ ఉంటారు.

నా రెండో ప్రిలిమ్స్ కూడా పోయాక, మళ్లీ ఫీజు కట్టాల్సి వచ్చినప్పుడు, మా బాపమ్మ తన పెండ్లి చీర తీసి ఇచ్చింది. పట్టు చిరుగులు పట్టింది కానీ అంచు ఇంకా మెరుస్తోంది. "ఎవ్వలు కట్టుకుంటరు ఇగ, తీస్కపో" అంది. నేను, బాపు దాన్ని ఒక చిన్న కరిగింపు దుకాణానికి తీసుకుపోయాం.

అంచు కత్తిరించారు. కాల్చారు. పట్టు బూడిదైంది. ఆ బూడిదను వెలిగారం వేసి కరిగిస్తే చిన్న వెండి ముద్ద వచ్చింది. అసలు జరీలో ఎక్కువ భాగం వెండి, కొంత రాగి. బంగారం పైపైన పూత మాత్రమే, మొత్తం బరువులో ఒక శాతం కూడా ఉండదు. ఆ ముద్దను మళ్లీ కరిగించి నీళ్లలో పోసి పలుకులు చేశారు. పలుకులను నత్రికామ్లంలో వేసి వేడి చేశారు. సూరత్‌లో దాన్ని తేజాబ్ అంటారు. గోధుమరంగు పొగ లేచింది. వెండి, రాగి మాయమయ్యాయి. గిన్నె అడుగున చిటికెడు నల్లటి మడ్డి మిగిలింది. "అదే బంగారం" అన్నాడు దుకాణం ఆయన. బాపమ్మ పెండ్లినాటి మెరుపంతా ఆ మడ్డిలో ఉంది.

వచ్చిన డబ్బు ఫీజుకు సగం కూడా సరిపోలేదు. కానీ ఆ గిన్నె నాకు ఒక పాఠం చెప్పింది. అక్కడ సైనైడ్ చుక్క కూడా లేదు. అయినా బంగారం విడిపోయింది. ఎలా?

నిచ్చెన మీద ఎవరు ఎక్కడ

ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ పట్టికను ఒక నిచ్చెన అనుకోండి. లోహం ద్రావణంలో కరగడం అంటే ఎలక్ట్రాన్లు వదులుకోవడం. దాన్నే ఆక్సీకరణం అంటాం. ఆ ఎలక్ట్రాన్లను తీసుకునేవాడు ఒకడు కావాలి. తీసుకునేవాడు నిచ్చెన మీద లోహం కంటే పై మెట్టున ఉండాలి. అంతే సూత్రం.

ఇప్పుడు మెట్లు చూడండి. జింకు మైనస్ 0.76 వోల్టులు. రాగి ప్లస్ 0.34. వెండి ప్లస్ 0.80. నత్రికామ్లంలోని నైట్రేట్ ప్లస్ 0.96. ఆమ్ల ద్రావణంలో ఆక్సిజన్ ప్లస్ 1.23. బంగారం ప్లస్ 1.50.

బాపమ్మ చీర కథ మొత్తం ఈ వరుసలోనే ఉంది. నైట్రేట్ మెట్టు వెండి కంటే, రాగి కంటే పైన ఉంది, అందుకే వాటిని కరిగించింది. బంగారం కంటే కింద ఉంది, అందుకే దాన్ని ముట్టలేకపోయింది. తర్వాత ఆ ద్రావణంలో రాగి రేకు ముంచితే వెండి తిరిగి రేకు మీద పేరుకుంటుంది. రాగి వెండి కంటే కింది మెట్టున ఉంది కాబట్టి ఎలక్ట్రాన్లు ఇచ్చి వెండిని బయటికి లాగుతుంది. దుకాణం ఆయనకు వోల్టుల లెక్క తెలియదు. మెట్ల వరుస మాత్రం చేతులకు తెలుసు.

గాలిలోని ఆక్సిజన్ కూడా బంగారం కంటే కిందే ఉందని గమనించారా? బంగారం తుప్పు పట్టకపోవడానికి కారణం అదే.

సైనైడ్ చేసేది ఏమిటి

చాలామంది సైనైడ్ బంగారాన్ని "కరిగించేస్తుంది" అని రాస్తారు. నేనూ అలాగే రాశాను. నిజానికి బంగారం నుంచి ఎలక్ట్రాన్లు తీసుకునేది సైనైడ్ కాదు, నీటిలో కరిగిన ఆక్సిజన్. సైనైడ్ పని వేరు. బయటికి వచ్చిన బంగారు అయాన్‌ను రెండు సైనైడ్ అయాన్లు చెరో పక్క పట్టుకుని గట్టి సంక్లిష్టంగా మారుస్తాయి. విడి అయాన్ ద్రావణంలో దాదాపు మిగలదు. దాంతో లోహం ఇంకా ఇంకా ఎలక్ట్రాన్లు వదులుతూ పోతుంది.

నిచ్చెన భాషలో చెప్పాలంటే, సైనైడ్ సమక్షంలో బంగారం ప్లస్ 1.50 నుంచి మైనస్ 0.60 దగ్గరికి దిగిపోతుంది. క్షార ద్రావణంలో ఆక్సిజన్ ప్లస్ 0.40 దగ్గర ఉన్నా సరే, అది చాలా పైమెట్టు అయిపోతుంది. బంగారు రేణువు మీద ఒక చోట లోహం కరుగుతుంది, అది ఆనోడ్. పక్కనే ఇంకో చోట ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, అది కాథోడ్. ఇనుము తుప్పు పట్టేది కూడా ఇలాగే.

అంటే బంగారం "ఉత్తమ లోహం" అన్న మాట పూర్తి నిజం కాదు. అది ఎవరి పక్కన ఉందో దాన్ని బట్టి దాని మెట్టు మారుతుంది. ఈ ఒక్క వాక్యం పట్టుకుంటే ప్రత్యామ్నాయాలన్నీ మీకు వాటంతట అవే అర్థమవుతాయి.

బాపు చేసే పని దీనికి ఎదురు నడక. తొట్టిలో సైనైడ్ పట్టుకున్న బంగారానికి కరెంటు ద్వారా ఎలక్ట్రాన్ ఇస్తే అది వదిలించుకుని పోగు మీద కూర్చుంటుంది. ఫారడే నియమం ప్రకారం 1 ఆంపియర్ కరెంటు 1 గంట నడిస్తే, ఒక్కో అయాన్‌కు ఒక ఎలక్ట్రాన్ చొప్పున, దాదాపు 7.35 గ్రాముల బంగారం పేరుకోవాలి. ఈ లెక్క బాపుకు చెబితే నవ్వాడు. "మీటరు, గడియారం రెండు చూస్కుంట ముప్పై ఏండ్లు చేసిన. నువ్వు పెన్నుతోని చేసినవ్" అన్నాడు.

ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. యూనిట్‌లో ఆమ్లం డబ్బా ఒక మూలన, సైనైడ్ తొట్టి ఇంకో మూలన. ఆ రెండూ ఎప్పుడూ కలవకూడదు. దానికి కారణం మన సిలబస్‌లోనే ఉంది. పీహెచ్ 10కి పైన ఉన్నంతసేపు సైనైడ్ ద్రావణంలోనే ఉంటుంది. ఆమ్లం తగిలితే హైడ్రోజన్ సైనైడ్ వాయువై గాలిలోకి లేస్తుంది. గనుల్లో సున్నం కలిపేది అందుకే.

గనులు దీన్ని ఎందుకు వదలవు

గ్లాస్గోకు చెందిన జాన్ స్టూవర్ట్ మెక్‌ఆర్థర్, ఫారెస్ట్ సోదరులు ఈ పద్ధతికి 1887లో పేటెంట్ తీసుకున్నారు. కొన్నేళ్లలోనే ప్రపంచమంతా పాకింది. మన పక్కనే ఉన్న కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో తమిళులతో పాటు తెలుగు కుటుంబాలూ తరతరాలు పనిచేశాయి. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అక్కడ ఈనాటికీ కనిపించే తెల్లటి గుట్టలను జనం సైనైడ్ దిబ్బలనే పిలుస్తారు. గని మూసినా దాని మడ్డి ఊరిని వదలదు.

మరి నత్రికామ్లంతోనో, ఆక్వా రెజియాతోనో గనుల్లో ఎందుకు చేయరు? నత్రికామ్లం, హైడ్రోక్లోరికామ్లం 1:3 పాళ్లలో కలిపితే ఆక్వా రెజియా. అందులో క్లోరైడ్ బంగారాన్ని పట్టుకుని దాని మెట్టును ప్లస్ 1.50 నుంచి ప్లస్ 1.00 దగ్గరికి దించుతుంది. గాఢ ఆమ్లం, అందులోనే పుట్టే క్లోరిన్ మిగతా పని పూర్తి చేస్తాయి. కంసాలి దుకాణంలో ఇది సరిపోతుంది.

కానీ గనిలో ఒక టన్ను రాయిలో దొరికేది కొద్ది గ్రాముల బంగారం. మిగతా టన్నంతా ఇనుము, సున్నపురాయి, ఇంకెన్నో. ఆమ్లం వాటన్నిటితో చర్య జరిపి ఖర్చయిపోతుంది. పలుచని క్షార సైనైడ్ ద్రావణం మాత్రం రాయిని పెద్దగా ముట్టకుండా బంగారాన్ని ఏరుకుంటుంది. దాని బలం విషంలో లేదు, ఎంపికలో ఉంది. నేను పరీక్షలో రాయనిది ఈ వాక్యమే.

సైనైడ్ లేకుండా

ఇప్పుడు ప్రత్యామ్నాయాలు. ప్రతిదానికీ రెండు ప్రశ్నలు వేయండి. బంగారాన్ని పట్టుకునేది ఎవరు? ఎలక్ట్రాన్లు తీసుకునేది ఎవరు?

మొదటిది ఉప్పునీరు, కరెంటు. ఉప్పు ద్రావణంలో కరెంటు పంపితే ఆనోడ్ దగ్గర క్లోరిన్ పుడుతుంది. క్లోరిన్ మెట్టు ప్లస్ 1.36, క్లోరైడ్ సమక్షంలో బంగారం మెట్టు ప్లస్ 1.00. కాబట్టి బంగారం కరుగుతుంది. కాథోడ్ దగ్గర తిరిగి లోహంగా పేరుకుంటుంది. ఇక్కడ పట్టుకునేది క్లోరైడ్, ఎలక్ట్రాన్లు లాగేది కరెంటు పుట్టించిన క్లోరిన్. ఇలాంటి క్లోరైడ్ ద్రావణంలోనే బంగారాన్ని విద్యుద్విశ్లేషణతో శుద్ధి చేసే పద్ధతిని హాంబర్గ్‌లో ఎమిల్ వోల్విల్ 1874లో రూపొందించాడు. అత్యంత శుద్ధమైన బంగారం కోసం ఈనాటికీ అదే వాడతారు. ఇక్కడ ఒక్కో అయాన్‌కు మూడు ఎలక్ట్రాన్లు కావాలి కాబట్టి 1 ఆంపియర్ గంటకు వచ్చేది 2.45 గ్రాములే. సమస్య ఏమిటంటే క్లోరిన్ కూడా విషవాయువే. పైగా అది పరికరాలను తినేస్తుంది.

రెండోది థయోసల్ఫేట్. ఫోటోల ఫిల్మ్ కడగడానికి వాడిన "హైపో" ఇదే. దీని సమక్షంలో బంగారం ప్లస్ 0.15 దగ్గరికి దిగుతుంది. రాగి, అమ్మోనియా సాయంతో ఆక్సిజన్ పనిచేస్తుంది. విషం తక్కువ. ఆస్ట్రేలియా సీఎస్ఐఆర్ఓ సాయంతో బారిక్ కంపెనీ అమెరికాలోని నెవాడా రాష్ట్రం గోల్డ్‌స్ట్రైక్ గనిలో దీన్ని పెద్ద ఎత్తున వాడింది. లోపాలూ ఉన్నాయి. థయోసల్ఫేట్ తానే ఆక్సీకరణమై ఖర్చవుతుంది. సైనైడ్ సంక్లిష్టాన్ని బొగ్గు పీల్చుకున్నట్టు దీన్ని పీల్చుకోదు, రెజిన్లు కావాలి.

మూడోది థయోయూరియా. బంగారం మెట్టు ప్లస్ 0.38. ఎలక్ట్రాన్లు తీసుకునేది ఫెర్రిక్ అయాన్. వేగంగా పనిచేస్తుంది, కానీ ఆమ్లం కావాలి. పైగా క్యాన్సర్ కారకమన్న అనుమానం ఉంది.

నాలుగోది వింటే నేతవాళ్ల పిల్లలకు నవ్వొస్తుంది. 2013లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో ఫ్రేజర్ స్టొడార్ట్ బృందం వేరే ప్రయోగం చేస్తుండగా, బ్రోమైడ్ పట్టుకున్న బంగారానికి ఆల్ఫా సైక్లోడెక్స్‌ట్రిన్ తగలగానే అది సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకుంది. సైక్లోడెక్స్‌ట్రిన్ పిండి పదార్థం నుంచి తీసే ఉంగరం లాంటి అణువు. మనం పడుగుకు గంజి పెట్టి పోగులను గట్టి చేస్తాం. అక్కడ గంజికి దూరపు చుట్టం ఒకటి బంగారాన్ని ఏరి పక్కన పెట్టింది. అయితే జాగ్రత్త: ఇది కరిగిన బంగారాన్ని వేరు చేసే మెట్టు మాత్రమే. ముందు దాన్ని కరిగించడానికి బ్రోమైడ్, ఆక్సీకరణి రెండూ కావాల్సిందే.

బాపు పనికి కూడా ప్రత్యామ్నాయం ఉంది. సల్ఫైట్ ఆధారిత బంగారు పూత ద్రావణాలు సైనైడ్ లేకుండా పనిచేస్తాయి. కానీ సల్ఫైట్ పట్టు సైనైడ్ అంత గట్టిది కాదు. ద్రావణం తొందరగా చెడుతుంది, దాన్ని కాచుకుని ఉండాలి. చిన్న యూనిట్‌కు చెడిన తొట్టి అంటే పోయిన పెట్టుబడి.

నిషేధమా, నియంత్రణా

2000 జనవరి 30న రొమేనియాలోని బాయా మారే దగ్గర ఒక కట్ట తెగి, దాదాపు లక్ష ఘనపు మీటర్ల సైనైడ్ నీరు నదుల్లోకి పోయింది. తీసా నది మీదుగా డాన్యూబ్ దాకా చేపలు చచ్చాయి. ఆ దెబ్బ తిన్న హంగరీ 2009లో గనుల్లో సైనైడ్ పద్ధతులను నిషేధించింది. అమెరికాలోని మోంటానా రాష్ట్రం 1998లోనే ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా ఓపెన్ పిట్ గనుల్లో సైనైడ్ వాడకానికి అడ్డుకట్ట వేసింది. మరోవైపు అంతర్జాతీయ సైనైడ్ మేనేజ్‌మెంట్ కోడ్ వచ్చింది. అది స్వచ్ఛంద నియమావళి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, నేను అందులో పడ్డాను. "సైనైడ్ లేదు" అంటే "సురక్షితం" అని కాదు. చిన్న తరహా గనుల్లో లక్షలమంది సైనైడ్ లేకుండానే బంగారం తీస్తున్నారు, పాదరసంతో. ప్రపంచంలో మనుషుల వల్ల గాలిలోకి పోయే పాదరసంలో మూడో వంతుకు పైగా అక్కడి నుంచే. అందుకే 2013లో మినమాటా ఒప్పందం కుదిరింది, 2017లో అమల్లోకి వచ్చింది, భారత్ 2018లో ధ్రువీకరించింది. సైనైడ్ ఎండకు, గాలికి, సూక్ష్మజీవులకు కాలక్రమంలో విరిగిపోతుంది. క్షార ద్రావణంలో హైపోక్లోరైట్‌తో దాన్ని నాశనం చేయవచ్చు. పాదరసం మూలకం, అది విరగదు.

ఇక మూడో కోణం: బంగారం ఎక్కడ ఉంది? ఒక టన్ను పాత ఫోన్లలో ఉండే బంగారం ఒక టన్ను మంచి ఖనిజంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మూలం చిక్కగా ఉంటే సైనైడ్ ఎంపిక గుణం అంత అవసరం ఉండదు, విద్యుత్ రసాయన దారులు లాభసాటి అవుతాయి. మన ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు 2022 కింద ఉత్పత్తిదారు బాధ్యత 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కానీ చెత్త చివరికి చేరేది ఎక్కడికి? పెరట్లో ఆమ్లం గిన్నె పెట్టుకున్న మనిషి దగ్గరికి చేరితే, సైనైడ్ లేకపోయినా పొగ పీల్చేది అతనే. బాపమ్మ చీర కరిగించిన చోట నాకు కళ్లు మండాయి. దుకాణం ఆయన మూతికి రుమాలు కట్టుకున్నాడు, అంతే.

కాబట్టి ఇప్పుడు ఆ 15 మార్కుల జవాబు ఇలా రాస్తాను. ఒకటి, సైనైడ్ ఎందుకు పనిచేస్తుందో రెండు వాక్యాల్లో: బంగారం మెట్టు దించడం, ఎంపిక. రెండు, ప్రత్యామ్నాయాలను పట్టుకునేవాడు, ఎలక్ట్రాన్లు తీసుకునేవాడు, మూల్యం అనే మూడు గళ్ల పట్టికలో. మూడు, మూలాన్ని బట్టి పద్ధతి: పలుచని ఖనిజానికి కఠిన నియంత్రణతో సైనైడ్ లేదా థయోసల్ఫేట్, చిక్కని ఈ-వ్యర్థాలకు, జరీకి క్లోరైడ్ విద్యుత్ పద్ధతి. నాలుగు, ప్రమాదం ఎవరి మీద పడుతోంది, వాళ్ల కోసం ఉమ్మడి శుద్ధి కేంద్రాలు, పొగ లాగే యంత్రాలు, శిక్షణ. ముగింపులో "నిషేధించాలి" అనే ముందు "దేంతో" అని అడగాలి.

ఈ జవాబు తిరగరాసి బాపుకు చదివి వినిపించాను. రూపాయి నాణేలు ఎంచినట్టు ఒక్కో పాయింటూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ విన్నాడు. చివరికి అన్నాడు: "ఉప్పునీళ్లతోని చేస్తే క్లోరిన్ గ్యాస్ అస్తది అన్నవ్ గద. దాన్ని యాడ పట్టుకుంటరు? అది గూడ రాయి."

రాశాను. పాలసీ జవాబు ఎప్పుడూ ఇంకో ప్రశ్న దగ్గరే ఆగుతుందని ఆ రోజు తెలిసింది. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు నేత, గిల్టు, పొలం, బావి, ఫ్యాక్టరీ, ఏదో ఒక పని ముప్పై ఏళ్లుగా చేస్తూ ఉంటారు. టాపర్ల నోట్స్ తెరిచే ముందు మీ జవాబు ఒకసారి వాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు వేసే మొదటి ప్రశ్నే మీ జవాబులో లేని పేరా.

సాధన ప్రశ్న: "ఒక విష రసాయనాన్ని నిషేధించడం కంటే దాని మూలాన్ని, వాడేవారిని బట్టి నియంత్రించడం మేలు." బంగారం వెలికితీత ఉదాహరణగా చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)